చెప్పుల దగ్గర చిన్నాయన

మా చిన్నాయన పోయిన కబురు వచ్చేసరికి నేను ఒక అవ్వ చేతికి రబ్బరు పట్టీ బిగించి నరం కోసం వెతుకుతున్నాను. హిందూపురంలో ఒక చిన్న ల్యాబులో రక్తం తీయడం నా ఉద్యోగం. కోటు జేబులో ఫోను ఒకటే వణుకుతోంది. రక్తం ట్యూబులోకి ఎక్కించి, దూది పెట్టి, "గట్టిగా అదిమి పట్టుకో అవ్వా" అని చెప్పి బయటికి వచ్చాను.

"మీ చిన్నాయన పోయినాడు పాపా," అంది చిన్నమ్మ. "కాఫీ తాగినాడు. మగ్గం కాడికి పోతా అన్నాడు. గడప కాడనే కూలబడిపోయినాడు."

ఆమె గొంతులో ఏడుపు ఇంకా మొదలు కాలేదు. నేను ఏదో అనేలోపే ఫోను పెట్టేసింది. కాసేపటికి ఒక మెసేజీ వచ్చింది. మా మందిరం గ్రూపులో పెట్టినది, ఎవరో నాకు దయతలచి పంపారు. ఆ గ్రూపులోంచి నన్ను ఎప్పుడో తీసేశారు. 'దైవసేవకులు మన అయ్యగారు ప్రభువునందు నిద్రించారు' అని ఉంది అందులో, చేతులు జోడించిన బొమ్మలతో సహా. నిద్రించారు అన్న మాట చూసి నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయన అంత తేలిగ్గా నిద్రపోవడానికి వీల్లేదు. మందిరం లోపల నిలబడి అందరి ముందూ చెప్తానని నాకు మాటిచ్చిన సంగతి ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది.

మా ఆయనకు మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే చిన్న అంగడి ఉంది. షట్టరు దించేసి వచ్చాడు. ఇద్దరం ధర్మవరం పోయే రైలెక్కాం.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. అమ్మ, నాయన నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచింది ఆయనా చిన్నమ్మా. వాళ్ళకు పిల్లల్లేరు. వారమంతా ఇంట్లో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. ఆదివారం మా వీధి చివరి రేకుల మందిరంలో వాక్యం చెప్పేవాడు. మాది జీతాలిచ్చే పెద్ద సంఘం కాదు. మగ్గాల వాళ్ళు, ఆటోల వాళ్ళు, కూరగాయల బండ్ల వాళ్ళు కలిసి కట్టుకున్న మందిరం. వాళ్ళందరికీ ఆయన అయ్యగారు. నాకు మాత్రం చిన్నాయనే.

కళ్ళజోడుకు పట్టుపోగుల తాడు కట్టి మెడలో వేసుకునేవాడు. మగ్గం పక్క గూట్లో బైబిలు ఉండేది. చీర అంచులో చిక్కు పడినప్పుడు లేచి, చేతులు తుడుచుకుని, ఒక పేజీ చదివి మళ్ళీ గుంతలోకి దిగేవాడు. ఎంత తుడుచుకున్నా వేళ్ళకు మిగిలిన రంగు పేజీల అంచులకు అంటుకుపోయేది. ఆ పుస్తకం పక్కనుంచి చూస్తే ఊదా, ఆకుపచ్చ, ఎరుపు మరకలతో ఉండేది.

పాత నిబంధన కథల్లో క్రీస్తును వెతకడం ఆయనకు పిచ్చి. చేదు నీళ్ళలో ఒక చెట్టు వేస్తే అవి తియ్యనైన కథ చదివితే, ఆ చెట్టు సిలువ. ఓడ నీళ్ళ మీద తేలితే, అది బాప్తిస్మం. కొడుకును బలివ్వడానికి కొండెక్కిన తండ్రికి పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడితే, ఆ పొట్టేలే యేసు. దేవుని మందసం, అంటే పది ఆజ్ఞల పలకలు దాచిన పెట్టె, తుమ్మకర్రతో చేశారని చదివిన రోజు ఆయన సంతోషం చూడాలి. "తుమ్మకర్రంట పాపా! మన చేన్లలో ముండ్లు గుచ్చుకునే తుమ్మే. ఈడా ఆయనే ఉండాడు సూడు" అన్నాడు. 'ఈడా ఆయనే ఉండాడు సూడు' అనే మాట మా ఇంట్లో రోజుకు ఒక్కసారైనా వినబడేది.

చిన్నమ్మ దీనికి ఎప్పుడూ నవ్వేది. "సాంబార్లో రెండు మునక్కాయ ముక్కలు అడ్డంగా పడితే చాలు, మీ చిన్నాయన తినడం మానేసి దణ్ణం పెట్టుకుంటాడు" అనేది. ఆయన కోపగించుకునేవాడు కాదు. ముక్కలు కలిపేసి తినేవాడు.

నాది చిన్నప్పటినుంచీ వాదించే నోరు. "క్రీస్తు కొత్త నిబంధనలో గదా పుట్టినాడు, పాత కథల్లోకి ఎందుకు లాగుతాండావు?" అని ఒకసారి అడిగాను. అప్పుడు చిన్నమ్మ మగ్గం వెనక కూర్చుని కొత్త వార్పు అతుకుతోంది. నేతపని ఎరగని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. వార్పు అంటే మగ్గానికి నిలువునా ఎక్కించే పోగులు. ఒక వార్పు నేయడం అయిపోయినా దాని కొసలను మగ్గం మీదే ఉంచుతారు. కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతారు. వేళ్ళకు బూడిద అద్దుకుని, నడుము పడిపోయేదాకా కూర్చుని చేసే పని అది. చిన్నాయన ఆ పోగులను చూపించాడు.

"పాత కొసలు కోసి పారేస్తే కొత్త వార్పు దేనికి అతుకుతావు పాపా? మగ్గం మొత్తం మొదట్నుంచి ఎక్కించుకోవల్ల. దేవుడు కూడా కోసి పారేసే రకం గాదు" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత అదే మాట ఆయన మీదికి విసిరాను.

అన్ని కథల్లోకీ ఆయనకు ప్రాణమైనది రాహాబు కథ. యెరికో అనే ఊరి చుట్టూ పెద్ద గోడ. ఆ గోడలోనే ఒక ఆడమనిషి ఇల్లు. ఊరంతా చిన్నచూపు చూసే మనిషి ఆమె. ఊరిమీదికి దండెత్తి రాబోతున్న ఇశ్రాయేలీయుల వేగులవాళ్ళు ఇద్దరు ఆమె ఇంట్లో దాక్కుంటారు. ఆమె వాళ్ళను కాపాడి కిటికీలోంచి దింపి పంపిస్తుంది. ఆ కిటికీకి తొగరు దారం, అంటే ఎర్ర దారం కట్టుకుంటే, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ వదిలేస్తామని వాళ్ళు మాటిస్తారు. గోడ కూలి ఊరు నాశనమైనప్పుడు ఆ ఇంటివాళ్ళు మాత్రం బతుకుతారు. చిన్నాయన లెక్కలో దారం యేసు రక్తం, ఇల్లు సంఘం. వేగులవాళ్ళు మూడు రోజులు కొండలో దాక్కోవడం యేసు సమాధిలో ఉన్న మూడు రోజులు.

ఏటా పిల్లల ఆదివారం నాడు ఈ కథను ఆడించేవాడు. ఎర్ర వార్పులు అతికినప్పుడల్లా మిగిలే పోగు ముక్కలు దాచిపెట్టి, వాటిని పేని ఒక తాడు చేశాడు. దాన్ని మందిరం కిటికీ కమ్మీకి కట్టి బయటికి జారవిడిచేవాడు. "పిల్లోల్లారా, గోడ కూల్తాండాది, లోపలికి రాండి!" అని అరిచేవాడు. మేం పరుగెత్తుకుని లోపలికి పోయేవాళ్ళం. తలుపు మూసి, రేకు గోడలను అరచేతులతో దబదబా బాదేవాళ్ళం. అదే యెరికో కూలడం. లోపలున్న మాకు దారం కనబడేది కాదు. కమ్మీకి వేసిన ముడి మాత్రమే కనబడేది. దాన్ని పట్టుకోవాలని కొట్టుకునేవాళ్ళం.

పక్కింటి ముస్లింల అమ్మాయి నా జతగత్తె. మందిరంలోకి రాకుండా వీధిలోనే నిలబడి మా ఆట చూసేది. ఒక ఏడు నేను తలుపు సందులోంచి దాన్ని చూసి, "చిన్నాయనా, అది బయటనే ఉండాదే, గోడ మీద పడితే?" అని ఏడుపు లంకించుకున్నాను. ఆయన తలుపు తీసి, "రా పాపా లోపలికి" అని పిలిచాడు. ఆ పిల్ల సిగ్గుపడి ఇంటికి పారిపోయింది. ఆయన చాలాసేపు తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. రేకులు బాదడం ఎప్పుడు ఆపాలో తెలియక మేం బాదుతూనే ఉన్నాం.

రైలు పెనుకొండ దగ్గర పడుతుంటే కొండమీది కోటగోడలు కనబడ్డాయి. ఒకసారి చిన్నాయన మా పిల్లలందరినీ ఆ గోడల దగ్గరికి తీసుకొచ్చాడు. చిత్రాన్నం పొట్లాలు, నీళ్ళ క్యాన్లు, ఈలలు. కూలిన గోడ ఒకదాని చుట్టూ మమ్మల్ని తిప్పి, ఈలలు ఊదించి, ఇదే యెరికో అనుకోండి అన్నాడు. గొర్రెలు బెదిరి చెదిరిపోతే కాపరి మమ్మల్ని తిట్టాడు. అప్పటిదాకా బాగానే ఉంది. నీడలో కూర్చుని తింటున్నప్పుడు నేను అడిగాను.

"చిన్నాయనా, ఆ ఊర్లో మిగతావాళ్ళంతా ఏమైనారు?"

"సచ్చిపోయినారు పాపా."

"పిల్లోల్లు కూడానా?"

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. తర్వాత దాన్ని పొట్లంలో పెట్టేసి కాగితం మడిచాడు. "ఆ మాట నాకూ ముల్లు మాదిరి గుచ్చుకుంటాది. దానికి నాకాడ జవాబు ల్యా" అన్నాడు.

పెద్దవాళ్ళు జవాబు లేదని ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. అందుకే తర్వాత ఆయన చేసిన పని నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

నేను ల్యాబు ఉద్యోగానికి హిందూపురం వచ్చాక మా ఆయన పరిచయమయ్యాడు. ల్యాబులో పాడైన ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడు. ముస్లింల ఇంటి మనిషి. నమాజు ఆయనది, ప్రార్థన నాది అనుకుని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాం. చిన్నాయనకు ముందే చెప్పాను. చిన్నమ్మ నా తల నిమిరింది. చిన్నాయన మగ్గం గుంతలోకి దిగాడు.

సంఘపెద్దలు ఊరుకోలేదు. ఇంటికి వచ్చి మగ్గం పక్కనే చాప మీద కూర్చున్నారు. "మీ ఇంటి పిల్లనే వదిలేస్తే రేపు మా పిల్లోల్లకు మేమేం చెప్పల్ల అయ్యగారూ?" అని అడిగారు. ఆ వచ్చే ఆదివారం చిన్నాయన అందరి ముందూ నిలబడి నా పేరు చెప్పి, నన్ను బల్లకు దూరం పెడుతున్నట్టు ప్రకటించాడు. ప్రభువు బల్ల అంటే నెల మొదటి ఆదివారం రొట్టె ముక్క, ద్రాక్షరసం పంచుకోవడం. మందిరానికి రావచ్చు, పాటలు పాడొచ్చు, కానుక కూడా వేయొచ్చు. రొట్టె పళ్ళెం మాత్రం నా ముందు ఆగదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అడిగాను. "పాత కొసలు కోసి పారేస్తే కొత్తది దేనికి అతుకుతావు అంటివే. నన్ను కోసి పారేసినప్పుడు ఆ మాట గుర్తుకు రాలేదా?"

"సంఘం మాట పాపా. నా ఒక్కడి మాట గాదు."

"నా పేరు పలికింది నీ నోరే గదా!"

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నాకేసి చూడలేదు. కళ్ళజోడు తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత రాకపోకలు తగ్గాయి. కానీ పూర్తిగా మానుకోవడం నా వల్ల కాలేదు. చిన్నమ్మకు మోకాళ్ళ మందులు తెచ్చే మిషతో వచ్చేదాన్ని. ఆదివారం పడితే మందిరం దాకా పోయేదాన్ని. లోపల కూర్చుని, పళ్ళెం నన్ను దాటిపోవడం చూడలేను. అందుకని బయట గోడ వారగా, చెప్పులు విడిచే బండ మీద కూర్చుని పాటలు వినేదాన్ని. ఎవరైనా నన్ను చూసి జాలిపడితే మాత్రం వాళ్ళ పని అయిపోయినట్టే. నా నోరు అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ జాలిపడేవాళ్ళు కాదు.

చిన్నాయనకు షుగరు వచ్చింది. ఊళ్ళో ల్యాబులు లేక కాదు, "మా పాప తీస్తేనే నొప్పి తెలీదు" అనే వంకతో హిందూపురం వచ్చేవాడు. మొదటిసారి ఆయన చేతి నరంలో సూది పెట్టినప్పుడు నాకు వెటకారం ఆగలేదు. ట్యూబు ఎత్తి చూపించి, "ఏం చిన్నాయనా, ఈడా ఆయనే ఉండాడా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "దీన్లో చక్కెర తప్ప ఏమీ ల్యా పాపా" అన్నాడు. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

మా ఆయన చిన్నాయనను స్కూటరు మీద మా ఇంటికి తీసుకుపోయాడు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరక్క కాసేపు ఫ్యాను చూశారు. చివరికి మా ఆయనే, "మామా, ఈమె ఎప్పుడూ ఎర్ర దారం కథ అంటాది, నాకు సరిగ్గా చెప్పదు. మీరు చెప్పండి" అన్నాడు. చిన్నాయనకు అంతకంటే ఏం కావాలి! కింద కూర్చుని, కంచాన్ని ఊరు చేసి, గిన్నెలను గోడలు చేసి మొత్తం చెప్పాడు. మా ఆయన శ్రద్ధగా విన్నాడు. ఏ వస్తువైనా విప్పి చూడందే నిద్రపట్టని మనిషి.

"మామా, నాకొక డౌటు. ఆయమ్మ ఇల్లు గోడలోనే ఉండాది అంటిరి. గోడ అంతా పడిపోయినాది అంటిరి. మరి ఇల్లు ఎట్ల నిలబడినాది?"

చిన్నాయన కంచం కేసి, గిన్నెల కేసి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. మా పెళ్ళయ్యాక ఆయన నా ముందు అలా నవ్వడం అదే మొదటిసారి. "ఇన్నేండ్లు చెప్పినా, ఈ మాట ఎవురూ అడగల్యా. నాకూ తట్టల్యా. చదివి చెప్తాలే అబ్బా" అన్నాడు.

చదివాడు. ఆ సంగతి నాకు తర్వాతి నెల బల్ల ఆదివారం తెలిసింది. నేను చెప్పుల దగ్గర కూర్చుని ఉన్నాను. లోపల అంతా అయిపోయి, జనం వెళ్ళిపోయారు. చిన్నాయన బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కోకుండా నా పక్కన బండ మీద కూలబడ్డాడు.

"మీ ఆయనకు చెప్పు పాపా. ఇల్లు నిలబడిందని పుస్తకంలో యాడా ల్యా. అది కూడా పడిపోయిందేమో. మనుషుల్ని మాత్రం ఆ వేగులోల్లే లోపలికి పోయి బయటికి తెచ్చినారు. తెచ్చి యాడ ఉంచినారో తెలుసునా? పాళెం బయట."

పాళెం అంటే ఇశ్రాయేలీయులు గుడారాలు వేసుకున్న చోటు. ప్రాణాలు కాపాడి తెచ్చిన మనుషులను తమ మధ్యకు రానివ్వకుండా బయట పెట్టారన్నమాట.

"ఎన్ని మార్లు చదివినానో ఆ ముక్క. దారం కాడనే ఆగిపోతి. ఆయమ్మను బయట కూర్చోబెట్టిన మాట నా కండ్లకు ఆనల్యా" అన్నాడు.

నాకు జాలి వేయలేదు. నిజం చెప్పాలంటే కసి వేసింది. "సరే, బయట కూర్చోబెట్టినారు. ఈడా ఆయనే ఉండాడా మరి?" అన్నాను.

"ఈడనే ఉండాడు. ఆయన్ను కూడా ఊరి బయటనే గదా పాపా సిలువేసినారు. పాళెం బయట ఉండేవాళ్ళ కాడికే ఆయన పోయినాడు. నేను దారంలో ఎతికితి. ఆయన ఈ బండ మీద ఉన్నె."

అంత పెద్ద మాట చెప్పులు విడిచే చోట చెప్పాడు. వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. అదే నాకు ఇంకా మండింది.

"నాకు చెప్తే ఏం లాభం చిన్నాయనా? నన్ను బయట పెట్టింది లోపల. ఈ మాట కూడా లోపలనే చెప్పు."

"చెప్తా. వచ్చే బల్ల నాడు చెప్తా" అన్నాడు.

ఆ నెలంతా నాకు సరిగ్గా నిద్రలేదు. బల్ల ఆదివారం నాడు మా ఆయనను కూడా వెంటబెట్టుకుని వచ్చాను. కిటికీ కింద బండ మీద కూర్చున్నాం. చిన్నాయన గొంతు స్పష్టంగా వినబడుతోంది. రాహాబు కథ ఎత్తుకున్నాడు. వేగులవాళ్ళు వచ్చారు, కిటికీలోంచి దిగారు, దారం కట్టింది, గోడ కూలింది. మనుషులను బయటికి తెచ్చారు అన్నాడు. అక్కడ ఆగాడు. లోపల ఎవరో దగ్గారు. పసిబిడ్డ ఒకటి కేర్‌మంది. నేను మా ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాను.

"ప్రార్థన చేసుకుందాం" అన్నాడు చిన్నాయన.

అంతే. నేను లేచి వెళ్ళిపోదామని చెప్పులు వెతుక్కుంటున్నాను. అప్పుడు తలుపు దగ్గర అలికిడి అయింది. రొట్టె పళ్ళెం ఒక పెద్దమనిషి చేతికిచ్చి, పంచమని చెప్పి, చిన్నాయన బయటికి వచ్చాడు. లోపల బల్ల జరుగుతుండగా అయ్యగారు బయటికి రావడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నోరు రాల్యా పాపా."

"భయమా?"

"ఆ మాట చెప్తే సగం మంది లేచి పోతారు. వాళ్ళూ నా పిల్లోల్లే. యాడ పోతారు?"

"మరి నేను?"

"అందుకే గదా ఈడికి వస్తి."

లోపల పాట మొదలైంది. పళ్ళెం వరుసల మధ్య తిరుగుతున్నట్టు అడుగుల చప్పుడు వినబడింది. "నువ్వు రొట్టె తీసుకుంటివా?" అని అడిగాను.

"నీతో పాటే తీసుకుంటాలే" అన్నాడు, ఇంట్లో భోజనానికి ఆగినట్టు.

ఆ రోజునుంచీ ప్రతి బల్ల ఆదివారం అంతే. వాక్యం చెప్పేవాడు, పళ్ళెం ఇచ్చేసేవాడు, బయటికి వచ్చి కూర్చునేవాడు. నేను రాని నెలల్లో కూడా ఒక్కడే వచ్చి ఆ బండ మీద కూర్చునేవాడని చిన్నమ్మ చెప్పింది. సంఘపెద్దలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఎవరైనా అడిగితే, "అయ్యగారికి షుగరు గదా, లోపల ఉక్క పోస్తాదంట" అనేవాళ్ళు. ఉక్క లేని చలికాలం కూడా అదే మాట.

ఆయనను మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను బయటికి పంపిన మాట పది మందిలో అన్నాడు. తిరిగి పిలవాల్సిన మాట పది మందిలో అనలేకపోయాడు. బల్లను నా దగ్గరికి తేలేక తానే బల్ల మానుకుని వచ్చాడు. జీవితమంతా ఆ రొట్టెను పంచిన మనిషి దాన్ని మానుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అది చాలదని కూడా తెలుసు. ఆయన మీద కోపం తగ్గలేదు, ప్రేమా తగ్గలేదు. రెండూ ఒకే మనిషి మీద ఉండటం అలవాటు చేసుకున్నాను.

మేం చేరేసరికి చిన్నాయనను పెట్టెలో పడుకోబెట్టారు. తెల్ల చొక్కా వేశారు. మెడలో కళ్ళజోడు తాడు అలాగే ఉంది. వేలి గోరు పక్కన కాస్త ఎరుపు రంగు మిగిలింది. మగ్గం మీద ఎర్ర చీర సగంలో ఆగి ఉంది. ఆయన చేయి పట్టుకున్నాను. నా అలవాటు కొద్దీ వేళ్ళు నాడి వెతికాయి. చిన్నమ్మ నా చేతిని మెల్లగా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "లోపల చెప్తా అన్నాడే చిన్నమ్మా" అని అప్పుడు ఏడ్చాను.

"పొద్దున కూడా అదే అన్నాడు పాపా. ఈసారి బల్లకు చెప్పేస్తా, ఏమైతే అదయితాది అన్నాడు. పోయిన నెలా అట్లనే అన్నె" అంది.

సమాధికి తీసుకుపోయే ముందు పెట్టెను మందిరంలోకి చేర్చారు. జనం లోపలికి నిండిపోయారు. నేను, మా ఆయన బండ మీద కూర్చున్నాం. అప్పట్లో మా ఇంట్లో చాప మీద కూర్చున్న సంఘపెద్ద ఒకాయన బయటికి వచ్చాడు. ముసలివాడైపోయాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లోపలికి రా పాపా. ఈ పూటకు ఎవురూ ఏమనరు" అన్నాడు.

ఆయన మంచితనంతోనే అన్నాడు. కానీ లేవబోయినదాన్ని ఈ పూటకు అన్న మాట దగ్గర ఆగిపోయాను. "ఈడనే ఉంటాలే పెద్దాయనా" అన్నాను. ఆయన తల వంచుకుని లోపలికి పోయాడు.

కాసేపటికి లోపల గుసగుసలు లేచాయి. పెట్టె పక్కన కూర్చున్న చిన్నమ్మ లేచింది. మోకాళ్ళు సహకరించక గోడ పట్టుకుంటూ, జనం దారి ఇస్తుంటే బయటికి వచ్చింది. మా ఆయన లేచి చేయి అందించాడు. ఆమె బండ మీద నా పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది.

"మీ చిన్నాయన చోటు ఇదే గదా" అంది.

లోపల ఎవరో వాక్యం చదవడం మొదలుపెట్టారు. నేను గోడకు తల ఆనించి పైకి చూశాను. కిటికీకి ఎర్ర దారం వేలాడుతోంది. పోయిన ఆదివారం పిల్లల ఆట కోసం ఆయనే కట్టాడట. విప్పడం ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పుడు అందరం లోపల ఉండి ముడి కోసం కొట్టుకున్నాం. ముడి అవతల దారం ఇంత పొడుగు ఉంటుందని అప్పుడు గమనించలేదు. ఎన్ని వార్పుల కొసలో అందులో ఉన్నాయి. రాణీరంగు, కుంకుమరంగు, చింతపిక్క రంగు, అన్నీ ఎరుపులే, ఒకదానితో ఒకటి కలవని ఎరుపులు. కమ్మీ దగ్గర మొదలై గోడ వెంట కిందికంటా జారి, మేం కూర్చున్న బండ దాకా వచ్చింది.

దాని కొస కింద చిన్నాయన చెప్పులు ఉన్నాయి. ఆదివారం విడిచి, మరిచిపోయి, వట్టి కాళ్ళతో ఇంటికి పోయాడట. గాలి వీచినప్పుడల్లా ఆ కొస చెప్పుల మీద అటూ ఇటూ కదులుతోంది.